గాజువాక ఇంటికి అడ్వకేట్ కమిషనర్ నోటీసు అంటించారు, ఇప్పుడేం చేయాలి?

గాజువాక నివాసి:
మా బావగారి గృహరుణం ఇంకా 24 లక్షలు బాకీ ఉంది, వాయిదాలు ఆగిపోయాయి. బాకీ కట్టమని బ్యాంకు పంపిన 13(2) నోటీసుకు జవాబివ్వలేదు. పొజెషన్ (స్వాధీనం) నోటీసు గోడకు అంటించి, పేపర్లో వేసి ఆరు నెలలైంది. ఇప్పుడు మేజిస్ట్రేట్ ఆర్డరుతో ఇల్లు స్వాధీనం చేసుకుంటామని, ఆయన నియమించిన అడ్వకేట్ కమిషనర్ తేదీ ఇచ్చారు. కోర్టు నుంచి మాకు సమన్లే రాలేదు. మా మాట వినకుండా ఆర్డరు ఇవ్వొచ్చా? సివిల్ కోర్టులో ఇంజంక్షన్ వేయమంటున్నారు. పై పోర్షన్లో అద్దెకున్నవాళ్ల సంగతేమిటి?

డీఆర్‌టీ ప్రాక్టీసు:
ఇంజంక్షన్ ఆలోచన మానుకోండి అండి. బ్యాంకులు తనఖా ఆస్తిని స్వాధీనం చేసుకుని బాకీ రాబట్టుకునే సర్ఫేసీ చట్టం 34వ సెక్షన్ సివిల్ కోర్టుకు అడ్డం పడుతుంది, ఉన్న కాస్త సమయమూ అక్కడే పోతుంది. మీరు వెళ్లాల్సింది డీఆర్‌టీకి, అంటే బ్యాంకు బాకీల ట్రిబ్యునల్‌కు. అది విశాఖలోనే ఉంది. 17వ సెక్షన్ కింద అప్లికేషన్ వేయాలి. రుణగ్రహీతకు ఫీజు మొదటి 10 లక్షలకు 5,000, ఆపై ప్రతి లక్షకు 250. మీకు 8,500 అవుతుంది.

గడువు 45 రోజులు. సింబాలిక్ పొజెషన్ (నోటీసు అంటించి కాగితంపై స్వాధీనం చేసుకోవడం) నాడే వేసి ఉండొచ్చు, ఇల్లు చేజారేదాకా ఆగక్కర్లేదని సుప్రీంకోర్టు 2018లోనే చెప్పింది. ఇప్పుడు మేజిస్ట్రేట్ ఆర్డరునూ సవాలు చేస్తూ, ఆలస్య మాఫీ పిటిషన్, స్టే పిటిషన్ జతచేయండి. స్టే ఇచ్చినా కొంత సొమ్ము కట్టమనే షరతు మామూలే, డబ్బు సిద్ధం చేసుకోండి.

సమన్ల సంగతి: 14వ సెక్షన్ కింద మేజిస్ట్రేట్ గానీ కలెక్టర్ గానీ మీ తగాదా తేల్చరు. బ్యాంకు అఫిడవిట్‌లో తొమ్మిది అంశాలున్నాయా అని చూసి ఆర్డరిస్తారు. దానికి 30 రోజులు, కారణం రాస్తే మొత్తం 60. గడువు దాటినంత మాత్రాన ఆర్డరు చెల్లకుండా పోదు. ఆ అఫిడవిట్ సర్టిఫైడ్ కాపీ వెంటనే తీయించండి, కేసు బలం అందులోనే తెలుస్తుంది. 13(2) నోటీసు అందాక 60 రోజులు నిండాయా? పొజెషన్ నోటీసు 7 రోజుల్లో రెండు పేపర్లలో, ఒకటి తెలుగులో, వచ్చిందా? హామీదారుకు వేరుగా నోటీసు వెళ్లిందా? బ్యాంకులు తప్పులు చేసేది ఇక్కడే. అభ్యంతరం రాసి ఉంటే 15 రోజుల్లో బ్యాంకు జవాబివ్వాల్సింది. ఆ అవకాశం మీరు వదులుకున్నారు.

రికవరీ విభాగం:
ఆ రోజు కమిషనర్‌తో పోలీసులు, తాళాలు తీసేవాళ్లు వస్తారు. తనఖా ఇంటికే, సామానుకు కాదు. బంగారం, సర్టిఫికెట్లు, మందులు ముందే తరలించండి. మిగిలినవాటికి పంచనామాలో జాబితా రాయించి కాపీ అడగండి. సీలు పగలగొడితే క్రిమినల్ కేసు అవుతుంది.

అద్దెదారు తనఖాకు ముందునాటి రిజిస్టర్డ్ లీజు చూపితే డీఆర్‌టీలో వాదించుకోవచ్చు. రిజిస్టర్ కాని ఒప్పందంతో ఏడాదికి మించి హక్కు అడగలేరు. తనఖా తర్వాత పాత తేదీతో కాగితం పుట్టిస్తే మీ కేసే పాడవుతుంది.

గృహరుణ సలహాదారు:
కమిషనర్ తేదీకన్నా వేలం ప్రకటన తేదీ ముఖ్యం సార్. సర్ఫేసీ చట్టానికి 2016లో వచ్చిన సవరణ తర్వాత, ఆ ప్రకటన పేపర్లో పడేలోపే మొత్తం బాకీ ఖర్చులతో కట్టి ఇల్లు విడిపించుకోవాలి. పడ్డాక ఆ హక్కు ఉండదని 2023లో సుప్రీంకోర్టు తేల్చింది. వన్ టైమ్ సెటిల్‌మెంట్ (ఒప్పుకున్న మొత్తం కట్టి బాకీ ముగించడం) అడగండి, కానీ అది హక్కు కాదు; ఉత్తరం చేతికి రానిదే నోటిమాట నమ్మి కట్టకండి.

కట్టే దారి లేకపోతే కొనేవాళ్లను మీరే వెతికి, బ్యాంకు రాతపూర్వక అంగీకారంతో, సొమ్ము నేరుగా రుణఖాతాకు వెళ్లేలా అమ్మండి. వేలంలో చాలాసార్లు ధర తగ్గుతుంది. వేలంలో మిగులు వస్తే బ్యాంకు మీకు తిరిగివ్వాలి, తగ్గితే ఆ తేడా బాకీగా మీ నెత్తినే ఉంటుంది.

డీఆర్‌టీ ప్రాక్టీసు:
ఒకటి కలుపుతాను. డీఆర్‌టీలో ఓడితే 30 రోజుల్లో కోల్‌కతా అప్పిలేట్ ట్రిబ్యునల్‌కు వెళ్లాలి. అక్కడ బాకీలో సగం ముందే కట్టాలి, తగ్గించినా పావు వంతు తప్పదు. అందుకే మొదటి అప్లికేషన్‌లోనే తేదీలు, రసీదులు, ఖాతా స్టేట్‌మెంట్ అన్నీ పెట్టండి.