ట్రస్టు ఇంట్లో బాడుగకున్నాం, రిపేరు అడిగితే "ఈ బాడుగకు ఇంతే" అంటున్నారు

బైరాగిపట్టెడ_అమ్మాయి:
మాది తిరుపతి. అమ్మా నేనూ తొమ్మిదేళ్లుగా ఒక ధర్మ ట్రస్టు కట్టించిన ఇళ్లలో ఉంటున్నాం. మొత్తం పద్నాలుగు పోర్షన్లు, బాడుగ 2,800. బయట ఇలాంటి ఇంటికి ఏడెనిమిది వేలు అడుగుతారు. ఆ మేలు మేం మరిచిపోలేదు.

కానీ పోయిన కార్తీకం నుంచి వంటింటి పైకప్పు కారుతోంది. మేనేజరుకు ఐదుసార్లు చెప్పాం, ఆఫీసు రిజిస్టరులో రాశాం. పది రోజుల కిందట అమ్మ గంజి వారుస్తుంటే పైనుంచి అరచేయంత పెచ్చు ఊడి గిన్నె పక్కనే పడింది. ఊడిన చోట కమ్మి బయటపడింది. గోటితో గీకితే తుప్పు పొరలు పొరలుగా రాలుతోంది. అమ్మ ఇంకో జానెడు ఇవతల నిలబడి ఉంటే అన్న ఆలోచన వస్తే నాకు ఇప్పటికీ నిద్ర పట్టదు.

ఆఫీసుకు పోతే మేనేజరు అన్న మాట ఇది: "ఈ బాడుగకు బయట మెట్ల కింద గది కూడా రాదమ్మా, సర్దుకోవాల." అమ్మ నోరెత్తకుండా వచ్చేసింది. ఇంటికొచ్చాక, ఇంకేం అడగొద్దే, ఖాళీ చేయమంటే ఏడికి పోతాం అనింది. పెచ్చు పడినప్పటి కంటే ఆ మాటకే నాకు ఎక్కువ ఏడుపొచ్చింది. ఇలాంటి ఇళ్లలో ఉన్నవాళ్లు మీరేం చేశారో చెప్పండి.

కొర్లగుంట_అన్న:
చెల్లీ, ముందు ఆ వంటింట్లో వంట ఆపండి. కమ్మి తుప్పు పట్టి ఉబ్బితేనే పెచ్చు ఊడుతుంది. ఒకటి ఊడిందంటే పక్కది కూడా వదులైనట్టే. కర్రతో మెల్లగా తట్టి చూడండి, డొల్ల శబ్దం వస్తే అంతమేరా పోయినట్టు.

మాదీ ట్రస్టు ఇల్లే. 2021 నవంబరు వానలకు తిరుపతి ఎలా మునిగిందో అందరికీ తెలుసు. మా సంపులోకి మురికినీళ్లు వచ్చాయి. మోటారు గది తాళం మేనేజరు దగ్గర, ఆయన ఊర్లో లేడు. మూడు రోజులు పిల్లలతో బిందెలు మోశాం. తర్వాత అడిగితే, తాళం మీకిస్తే మోటారు కాలుస్తారు అన్నాడు. ఇన్నేళ్లుగా ఉంటున్నవాళ్లను ఆ మాట అనడం నేను మరిచిపోలేను.

గ్రీమ్స్‌పేట_చిత్తూరు:
మా దగ్గర కరెంటుతో గొడవ. ఎనిమిది ఇళ్లకు కలిపి ఒకే మీటరు, ఇంటింటికీ సబ్ మీటరు. యూనిట్‌కు తొమ్మిది రూపాయలు వసూలు చేస్తారు. సొంత మీటరుంటే మొదటి 30 యూనిట్లకు 1.90, 75 దాకా 3 రూపాయలే. నేను కాల్చేది అరవై యూనిట్లు. లెక్కేస్తే 147, మిగతా చార్జీలు వేరే అనుకోండి. నేను కట్టేది 540. అందరిదీ ఒకే మీటరులో కలిసేసరికి 400 యూనిట్లు దాటి, ఆ పైవి 9.75 రేటులోకి పోతాయి. మేనేజరు దోచుకుంటున్నాడని నేననను, బిల్లే అట్ల వస్తోంది. విడి మీటర్లకు దరఖాస్తు చేయడానికి ట్రస్టు సంతకం పెట్టాలి. ఆ ఒక్క సంతకం కోసం రెండేళ్లుగా తిరుగుతున్నాం.

రిటైర్డ్_క్లర్కు:
అమ్మాయీ, నోటిమాట వదిలెయ్. ఫోటోలు, తేదీలు పెట్టి తెలుగులోనే ఉత్తరం రాసి, అందినట్టు సంతకం వచ్చేలా పోస్టులో పంపు. మేనేజరుకు కాదు, ట్రస్టు అధ్యక్షుడికి.

ఆయనెవరో తెలియదంటావేమో. దేవాదాయ శాఖలో నమోదైన ధర్మ సంస్థ అయితే అసిస్టెంట్ కమిషనర్ ఆఫీసులో అడుగు. సొసైటీగా నమోదై ఉంటే 2001 నాటి సొసైటీల చట్టం కింద కమిటీ జాబితా ఏటా ఇవ్వాలి, రిజిస్ట్రార్ దగ్గర నకలు దొరుకుతుంది.

బాడుగ మాత్రం ఒక్క నెల కూడా ఆపొద్దు, రసీదు తీసుకో. పదకొండు నెలల అగ్రిమెంటు ముగిసిందని భయపడొద్దు. బాడుగ తీసుకుంటూ ఉన్నంత కాలం నువ్వు నెలవారీ అద్దెదారువే. నోటీసు ఇవ్వకుండా, కోర్టుకు పోకుండా సామాను బయట పెట్టేందుకు లేదు. ఓనరు చేయాల్సిన రిపేరు నోటీసిచ్చాక కూడా చేయకపోతే, మనం చేయించి బాడుగలో పట్టుకోవచ్చని ఆస్తి బదిలీ చట్టం 108వ సెక్షన్ చెబుతుంది. అయితే అగ్రిమెంటులో వేరేగా రాసుంటే అదే చెల్లుతుంది. ముందు అది చదువు.

ఆడవాళ్లకు ఆదాయంతో పని లేకుండా ఉచితంగా లాయరును ఇస్తారు. న్యాయ సేవాధికార సంస్థ నంబరు 15100.

లెక్కలు_రాసినవాణ్ణి:
నేను ఒక ట్రస్టులో ఆరేళ్లు లెక్కలు రాశాను. వాళ్ల వైపు కూడా చెప్పాలి. పద్నాలుగు ఇళ్ల బాడుగ కలిపినా నెలకు నలభై వేలు దాటదు. పన్ను, వాచ్‌మన్ జీతం, బోరు రిపేర్లు పోగా మిగిలేది స్లాబు వేయడానికి చాలదు. దాతలు కొత్త బిల్డింగుకు ఇస్తారు, రిపేరుకు ఇవ్వరు. శిలాఫలకం మీద పేరుంటుంది కదా. కానీ డబ్బు లేదని చెప్పడం వేరు, మీకు ఇంతే చాలు అనడం వేరు. మా ట్రస్టు పెద్దలు చెన్నైలో ఉండేవాళ్లు, బ్రహ్మోత్సవాలకు మాత్రం వచ్చేవాళ్లు. అంతకు వారం ముందు వీధి వైపు గోడలకు సున్నం పడేది. వెనక కారే ఇళ్ల సంగతి వాళ్లకు నిజంగానే తెలియదు. ఉత్తరం నేరుగా వాళ్లకే పోవాలి.

ఎం.ఆర్.పల్లి_టీచరు:
ఒక్కదానివే సంతకం పెట్టొద్దు తల్లీ. ఒక్కరు అడిగితే పేచీకోరు అంటారు.

బైరాగిపట్టెడ_అమ్మాయి:
అందరికీ దండాలు. వారం అయింది, జరిగింది చెప్తాను. కర్రతో తట్టి చూశాను అన్నా, పొయ్యి పైనంతా డొల్లే. వంట వరండాలోకి మార్చాం. పద్నాలుగు ఇళ్లకూ తిరిగితే తొమ్మిది మంది సంతకం పెట్టారు. మిగతా ఐదుగురు మంచివాళ్లే, మేనేజరంటే భయం. వాళ్లలో నలుగురి ఇళ్లలో కూడా పెచ్చులు ఊడాయి, తుడిచి పారేసి ఎవరికీ చెప్పలేదంట.

ఉత్తరం అందినట్టు సంతకం తిరిగొచ్చింది. రెండో రోజే మేనేజరు మేస్త్రీని పంపించి పొయ్యి పైన రెండు సరుగుడు కర్రలు ఆసరాగా నిలబెట్టించాడు. స్లాబు సంగతి మాత్రం పెద్దలు చెప్పాలంట. సోమవారం కలెక్టరేటులో అర్జీలు తీసుకుంటారు కదా, ఫోటోలు, రసీదులు తీసుకుని పోతున్నాను. ఇంకేం అడగొద్దు అన్న అమ్మ, ఊడిన పెచ్చును పేపర్లో చుట్టి నా సంచిలో పెట్టింది.