కేక్ టిన్నుకి నెయ్యి, మైదా చాలవా? బటర్ పేపర్ వేసి తీరాలా?

కొర్లగుంట కిచెన్, తిరుపతి:
ఇంట్లోనే ఆర్డర్లకి కేకులు చేస్తుంటాను. నా దగ్గరికి వచ్చేవాళ్లు ఎక్కువగా ఎగ్‌లెస్సే అడుగుతారు. టిన్నుకి నెయ్యి రాసి, మైదా చల్లి, ఎక్కువైంది దులిపేస్తే చాలని నా వాదన. మా ఆడపడుచు మాత్రం బటర్ పేపర్ వేయనిదే పిండి పోయనివ్వదు. అది దండగ ఖర్చు అంటాను నేను. మీరేమంటారు?

గ్రీమ్స్‌పేట బేకర్, చిత్తూరు:
మీ ఆడపడుచుదే రైటు. గుడ్డు లేని కేకుకి పట్టు తక్కువ, తీసేటప్పుడు విరిగిపోతుంది. పైగా కండెన్స్‌డ్ మిల్క్ వేస్తారు కదా, అందులోని చక్కెర వేడికి పాకమై టిన్నుకి అతుక్కుంటుంది. పక్కలైతే చాకు తిప్పి వదిలించొచ్చు, అడుగుకి చాకు పోదు. అందుకే అడుక్కి పేపరు, పక్కలకి నెయ్యి. గుండ్రంగా ఒక ముక్క కోయడానికి ఎంతసేపు పడుతుందండీ?

చంద్రగిరి అన్న:
ఏమబ్బా, పేపరు లేని రోజుల్లో ఎవరూ కేకు చెయ్యలేదా? మా అమ్మ కుక్కర్లో ఇసుక పోసి, గాస్కెట్టు, విజిలు తీసేసి, అల్యూమినియం గిన్నెలో చేసేది. డాల్డా, మైదా, అంతే. అసలు కిటుకు గిన్నెలో ఉంది. దానికి స్టీలు పీచు తగలనిచ్చేది కాదు. దోసె పెనం లాగా నూనె పట్టి పట్టి నున్నగా అయిపోయింది. ఇప్పుడు మనం టిన్ను తళతళలాడాలని గీకి గీకి తోముతాం, గీతల్లో పిండి ఇరుక్కుంటే పేపర్ కోసం పరిగెత్తుతాం.

పలమనేరు అక్క:
అన్నా, కొత్త టిన్ను కొన్నవాళ్లు అన్నాళ్లు ఆగాలా? అదలా ఉంచండి, ఏం రాస్తున్నామన్నది కూడా ముఖ్యమే. చాలామంది వెన్న రాస్తారు. అందులో ఆరో వంతు దాకా నీళ్లే, పాల పదార్థం కూడా ఉంటుంది. అది మాడి పట్టుకుంటుంది. నెయ్యిలో ఆ గొడవ లేదు. ఉత్త నూనె రాస్తే పక్కల నుంచి జారి అడుక్కి చేరుతుంది. నేను నూనె, డాల్డా, మైదా సమానంగా తీసుకుని బాగా గిలక్కొట్టి, సీసాలో పోసి ఫ్రిజ్‌లో పెట్టుకుంటాను. బ్రష్‌తో రాస్తే పేపరూ వద్దు, చల్లడమూ వద్దు. గానుగ వేరుశెనగ నూనె మాత్రం వద్దు, వెనీలా కేకు పల్లీల వాసన వేస్తుంది. చాక్లెట్ కేకుకైతే తెల్లటి మరకలు పడకుండా మైదా బదులు కోకో చల్లండి.

కొర్లగుంట కిచెన్:
నేను రాసేది నెయ్యేనక్కా. ఇంకో సంగతి, పోయినసారి ఆడపడుచు తెచ్చిన పేపరు ఓవెన్లో పొగ వచ్చింది!

గ్రీమ్స్‌పేట బేకర్:
అది మైనం పూత కాగితం అయ్యుంటుంది. చుట్టడానికే తప్ప కాల్చడానికి పనికిరాదు. సిలికాన్ పూత ఉన్నది తీసుకోండి, ఎన్ని డిగ్రీల దాకా ఓర్చుకుంటుందో ప్యాకెట్టు మీదే ఉంటుంది. ఇంకోటి, ఓవెన్లోంచి తీయగానే బోర్లించకండి. పది నిమిషాలు ఆగితే కేకు గట్టిపడి కొద్దిగా ముడుచుకుంటుంది. అలాగని టిన్నులోనే పూర్తిగా చల్లారనిస్తే ఆవిరికి చెమ్మగిల్లి మళ్లీ అంటుకుంటుంది. సగం కేకులు విరిగేది ఇక్కడే, నింద మాత్రం నెయ్యి మీద.

పలమనేరు అక్క:
పది నిమిషాల మాట నిజమే. కానీ గిలక్కొట్టిన తెల్లసొన నురగతో పొంగే షిఫాన్ కేకుకి ఈ లెక్కలేవీ కుదరవు. పక్కలకి ఏమీ రాయకూడదు. పిండి గోడలు పట్టుకుని పైకి ఎక్కాలి, తర్వాత టిన్నుతో సహా తలకిందులుగా చల్లార్చాలి. అక్కడ అంటుకోవడమే కావాలి.

చంద్రగిరి అన్న:
సరే బేకర్ గారూ, గాడులున్న బండ్ట్ టిన్నుకి మీ పేపరు ఎట్లా వేస్తారో చెప్పండి, చూస్తాం.

గ్రీమ్స్‌పేట బేకర్:
దానికి అక్క చెప్పిన ముద్దే గతి, ఒప్పుకుంటా. అయితే సరిగ్గా పిండి పోయబోయేటప్పుడే రాయండి. ముందుగా రాసి పక్కన పెడితే గాడుల్లోంచి జారి కిందికి దిగిపోతుంది. గుండ్రటి టిన్ను దగ్గర మాత్రం నేను తగ్గను!