పళ్లు అడ్డంగా కలిస్తే దవడ కీలు కూడా మారిపోతుందా?

గాజువాక అమ్మ:
మా బాబుకి తొమ్మిదేళ్లు. పళ్లు కలపమంటే కుడివైపు పైపళ్లు కిందిపళ్ల లోపలికి వెళ్తున్నాయి, గడ్డం కూడా అటే జరుగుతోంది, నోరు తెరిస్తే మాత్రం మళ్లీ మధ్యకి వచ్చేస్తుంది. క్రాస్‌బైట్ అట, వదిలేస్తే దవడ కీలు మీద పడుతుందన్నారు. వాడికి నొప్పేమీ లేదు, బీచ్‌లో మురీ మిక్చర్ కూడా హాయిగా నమిలేస్తాడు. పళ్ల వరసకీ చెవి దగ్గరుండే కీలుకీ సంబంధం ఏంటండీ? నాకూ ఎత్తుపళ్లు, ఎడమ దవడలో టక్‌మని శబ్దం చాలా ఏళ్లుగా ఉంది. ఇద్దరం క్లిప్పులు పెట్టించుకోవాలా? ఒకటే టెన్షన్‌గా ఉంది.

పళ్ల డాక్టర్, ఎంవీపీ కాలనీ:
అమ్మా, బాబుది వేరు, మీది వేరు. చెవి ముందు వేలు ఆనించి నోరు తెరవండి, కదిలే ఎముక తగులుతుంది, అదే కింది దవడ తల, కండైల్ అంటాం. అది పుర్రె ఎముకలో ఉన్న గుంతలో కూర్చుంటుంది, మధ్యలో డిస్క్ అనే మెత్తలాంటి పొర ఉంటుంది. పై దవడ ఇరుకైతే పళ్లు సరిగ్గా కుదరక పిల్లలు దవడని పక్కకి జరిపి కొరుకుతారు, అప్పుడు మీ బాబుకి ఎడమ కండైల్ కాస్త ముందుకీ కిందికీ జారుతుంది, కుడిది గుంతలోనే ఉండిపోతుంది. పుట్టినప్పుడు ఆ గుంత ముందుండే గట్టు దాదాపు చదునే, పళ్లొచ్చి నమలడం మొదలయ్యాకే ఎత్తు తేలుతుంది. ఎదిగే కీలు పనిని బట్టి మలుచుకుంటుంది కాబట్టి ఏళ్ల తరబడి ఒకపక్కకే కొరికితే రెండువైపులా ఎదుగుదలలో తేడా రావచ్చు. ఈ వయసులో అంగిలి మధ్య అతుకు ఇంకా పూర్తిగా గట్టిపడదు, ఎక్స్‌పాండర్‌తో పై దవడ వెడల్పు చేయడం తేలిక. బాబు విషయం మాత్రం వాయిదా వేయకండి.

పీజీ స్టూడెంట్:
ఒక్కటి కలుపుతాను మేడం. 1899లో ఎడ్వర్డ్ యాంగిల్ అనే అమెరికా పళ్ల డాక్టర్ పళ్ల కలయికని మూడు క్లాసులుగా విడగొట్టారు, అప్పటినుంచీ ఏ క్లాసుకి కీలు ఎలా ఉంటుందని చూస్తూనే ఉన్నారు. కింది దవడ ముందుకొచ్చిన మూడో క్లాసు వాళ్లలో గుంత లోతు తక్కువగా, గట్టు చదునుగా కనిపించిందని చాలా స్టడీలు చెప్పాయి, కండైల్ గుంతలో ఎక్కడ కూర్చుంటుందన్న దాని మీద మాత్రం ఒక్కో స్టడీది ఒక్కో మాట. పైగా ముఖం ఎదిగే తీరు నుంచే పళ్ల వరసా, కీలు ఆకారమూ రెండూ రావచ్చు. రెండూ కలిసి కనిపించినంత మాత్రాన పళ్ల వల్లే కీలు పాడైందని అనలేం.

మద్దిలపాలెం నుంచి:
అక్కా, నాకూ ఇదే శబ్దం, నొప్పి కూడా ఉండేది. ఒక క్లినిక్‌లో పళ్లు అరగదీస్తే సర్దుకుంటుందన్నారు, నేను ఒప్పుకోలేదు. అరిగించిన పన్ను మళ్లీ రాదు కదా! కొన్నాళ్లు మెత్తటి తిండి, వేడి కాపడం, ఫిజియో చెప్పిన వ్యాయామాలు, రాత్రిపూట పళ్లకి తొడుక్కునే స్ప్లింట్, వీటితోనే నొప్పి పోయింది. శబ్దం ఇప్పటికీ వస్తుంది, పట్టించుకోను.

గాజువాక అమ్మ:
థాంక్సండీ అందరికీ. మరి నేను స్కాన్ తీయించుకోవాలా?

పళ్ల డాక్టర్, ఎంవీపీ కాలనీ:
నొప్పి లేని శబ్దానికి అక్కర్లేదమ్మా. డిస్క్ కాస్త ముందుకి జారి, నోరు తెరిచేటప్పుడు మళ్లీ కండైల్ మీదికి ఎక్కితే ఆ టక్ వస్తుంది, చాలామందిలో అది అలాగే ఉండిపోతుంది. సీబీసీటీ అనే 3డీ ఎక్స్‌రే స్కాన్‌లో ఎముకే కనిపిస్తుంది, డిస్క్ చూడాలంటే ఎమ్మారై కావాలి. కీలు కోసమని క్లిప్పులు వద్దు, ఎత్తుపళ్లు సరిచేయించుకోవాలని ఉంటే అది మీ ఇష్టం. దవడ పట్టేసినా, మూడు వేళ్లు నిలువుగా పట్టేంత నోరు తెరుచుకోకపోయినా మాత్రం వెంటనే చూపించుకోండి.