వీవర్‌కి తెలుగులో ఏ మాట వాడాలి?

పాలపిట్ట:
అందరికీ నమస్తే. పిల్లల కోసం ఒక చిన్న వ్యాసం ఇంగ్లీషులోంచి తెలుగు చేస్తున్నా. అందులో వీవర్ అనే మాట మూడు చోట్ల వచ్చింది, ఒకచోట చీర నేసే మనిషి, ఒకచోట గూడు కట్టే పిట్ట, ఇంకోచోట అదే మగ్గం పని చేసే ఆడమనిషి. మొదటిదానికి నేత అని రాస్తే మా పాప చదివి "అంటే మినిస్టరా అమ్మా?" అంది. నేతగాడు అంటే పాతకాలం కథలా ఉంది, చేనేత కార్మికుడు అంటే గవర్నమెంటు కాగితంలా ఉంది, ఆడవాళ్లకైతే మాటే దొరకట్లేదు. మీ ఊళ్లల్లో ఏమంటారు?

చీరాల అబ్బాయి:
మీ పాప అడిగింది కరెక్టే అండి. లీడరు అనే నేత సంస్కృతం నుంచి వచ్చింది, మన నేత నేయడం నుంచి పుట్టిన అచ్చ తెలుగు మాట, రెండూ ఒకేలా పలుకుతాం కానీ చుట్టరికం ఏమీ లేదు. పైగా మన నేత మనిషి కాదు, పని. చేత్తో నేసే నేత కాబట్టి చేనేత. మనిషిని చెప్పాలంటే పక్కన ఇంకో మాట తగిలించాలి, అందుకే పేపర్ల వాళ్లు నేతన్న అని రాస్తారు. మా చీరాల పక్కనే జాండ్రపేట ఉంది, జాండ్ర అంటే నేతపని చేసేవాళ్లే, ఇప్పటికీ అక్కడ మగ్గాలు ఉన్నాయి. ఇంకోటి, సాలీడు అంటే ఇప్పుడు అందరికీ పురుగే గుర్తొస్తుంది గానీ పాత తెలుగులో ఆ మాటకి బట్టలు నేసే మనిషి అని కూడా అర్థం ఉంది.

గోదారి గట్టు:
పిట్ట సంగతి నేను చెప్తా. దాన్ని నేతపిట్ట అని రాయకండి ప్లీజ్, దానికి గిజిగాడు అని ఎంత చక్కటి పేరుంది! ఇంకా దాని గూడుకి నేయడం అనే మాట పెట్టొద్దు, అల్లడం అనండి. నేయాలంటే పడుగు (నిలువు పోగులు) ఉండాలి పేక (అడ్డం పోగులు) ఉండాలి మగ్గం ఉండాలి. బుట్ట అల్లుతాం, జడ అల్లుతాం, గిజిగాడూ అంతే. మగపిట్ట ముక్కుతో ఆకుని సన్నగా చీల్చి తెచ్చి, కొమ్మకి ముడేసి, వేలాడుతూనే అల్లుతుంది, సగం అయ్యాక ఆడపిట్ట వచ్చి చూసుకుని నచ్చితేనే ఉంటుంది.

మగ్గం గుంట:
మాది పోచంపల్లి దగ్గర. మా దిక్కు నేతగాడు అని ఎవ్వరం అనం. ఏం పని చేస్తరు అంటే మగ్గం నేస్తం అంటం, గంతే. ఆడోళ్లకు మాట దొరకలేదు అన్నరు గదా, అది చదివి మా అమ్మ యాదికొచ్చింది. మగ్గం మీద నాయిన కూసునేటోడు కాబట్టి పేరు నాయినదే, కానీ నూలును కండెలకు, అంటే చిన్న గొట్టాలకు, చుట్టుడు, ఆసు పోసుడు అంతా అమ్మనే. ఆసు అంటే అర్ధచంద్రం లెక్క మొలలు కొట్టిన చెక్క, పోగుని ఒక్కో మొల చుట్టు తిప్పుకుంట చెయ్యి అటూ ఇటూ ఆడిస్తనే ఉండాలె, ఒక్క చీరకు దాదాపు 9000 సార్లు. రాత్రి అన్నం కలుపుకుందామన్నా అమ్మకు కుడిచెయ్యి లేచేది కాదు. చింతకింది మల్లేశం గారు వాళ్ల అమ్మ గోస చూడలేకనే ఆసు మిషన్ చేసిండు, 2017ల పద్మశ్రీ కూడా వచ్చింది. ఆసు పోసినామెను కూడా మీ వ్యాసంల వీవర్ కిందనే లెక్క కట్టుండ్రి.

పాలపిట్ట:
ఆసులో కండెలా తిరుగుతున్నావు అని మా అమ్మమ్మ నన్ను రోజూ అనేది, ఆసు అంటే ఏంటో నాకు ఇవాళే తెలిసింది. అమ్మగారి గురించి రాసినందుకు చాలా థాంక్స్ అన్నా. వీవర్‌కి ఒకే మాట వెతకడం మానేశా. గూడు అల్లే గిజిగాడు, మగ్గం నేసే ఆయన, మగ్గం నేసే ఆమె అని మార్చేశా, ఆసు పోసే అమ్మ గురించి రెండు వాక్యాలు కలుపుతా. ఆసు ఫొటో ఎవరి దగ్గరైనా ఉంటే పెట్టండి, పాపకి చూపించాలి.