పోకర్‌లో టర్న్‌లో (నాలుగో ఉమ్మడి కార్డు దశలో) ఇరుక్కోకుండా ఫ్లాప్‌లోనే (మొదటి మూడు ఉమ్మడి కార్డుల దశలోనే) బెట్ లెక్క ఎలా వేసుకోవాలి?

ఫ్లాప్‌పిచ్చి: నో-లిమిట్ హోల్డెమ్. పాట్ (మధ్యలో చేరిన డబ్బు) 100, ఇద్దరి ముందూ చెరో 350. నాకు టాప్ పెయిర్ (బోర్డు మీది పెద్ద కార్డుతో జత), మంచి కిక్కర్ (జతకి తోడున్న కార్డు). ఫ్లాప్‌లో 100 బెట్ చేస్తే కాల్ వచ్చింది (అవతలా అంతే పెట్టారు). టర్న్‌లో 150 బెట్ చేస్తే అవతల 250తో ఆల్-ఇన్ (ఉన్నదంతా పెట్టేశారు). ఫోల్డ్ చేయొచ్చా (చేతిని వదిలేయొచ్చా)? తప్పు ఎక్కడ జరిగింది?

పాట్‌లెక్క: మీ దగ్గర మిగిలింది 100. పాట్‌లో 300+150+250, అంటే 700 ఉంది. 100 పెట్టి 800 కోసం ఆడుతున్నారు కాబట్టి 12.5% గెలుపు చాలు. అవతలివారు అప్పుడప్పుడూ డ్రాతో (ఇంకా పూర్తికాని చేతితో) ఆల్-ఇన్ చేసే రకమైనా ఫోల్డ్ చేయలేరు. ఆ 150 పెట్టినప్పుడే నిర్ణయం అయిపోయింది! రైజ్ వస్తే (అవతల బెట్ పెంచితే) ఏం చేస్తామో తేల్చుకోకుండా బెట్ వేయకూడదు. అక్కడ చెక్ చేయాలి (బెట్ వేయకుండా వదలాలి), లేదా 250 మొత్తం తోసేయాలి.

ఫ్లాప్‌లో సగం పాట్ వేసి ఉంటే వరస 50, 100, 200. మొత్తం 350, రివర్‌కి (చివరి, ఐదో ఉమ్మడి కార్డుకి) సరిగ్గా స్టాక్ (ముందున్న డబ్బు) అయిపోతుంది. పైగా టర్న్‌లో 100కి ఎదురుగా 300 ఆల్-ఇన్ వస్తే కాల్‌కి 25% కావాలి. అప్పుడు ఫోల్డ్‌కి నిజంగా చోటుంది.

రివర్‌నుంచి_వెనక్కి: స్టాక్ 1300 అయితే అదే పాట్‌కి 100, 300, 900 కావాలి, ప్రతిసారీ పూర్తి పాట్. ప్రతిసారీ పాట్‌లో మూడో వంతు బెట్లే వేస్తే 350 స్టాక్‌లో కూడా రివర్ తర్వాత దాదాపు 170 మిగిలిపోతుంది. సెట్ (ఒకే అంకె కార్డులు మూడు) లాంటి బలమైన చేతికి అది నష్టమే. మిడిల్ పెయిర్‌కి (బోర్డు మీది మధ్య కార్డుతో జతకి) మాత్రం మూడు బెట్లు వద్దు, ఒకచోట చెక్ పెట్టుకోండి.

ఫ్లాప్‌పిచ్చి: మరి ఫ్లష్ డ్రాతో (ఒకే గుర్తు కార్డులు నాలుగుండి ఐదోది కావాల్సిన చేతితో) కాల్ చేసేవాళ్లకి?

పాట్‌లెక్క: చాలామంది 35% అని లెక్కేస్తారు. అది టర్న్, రివర్ రెండూ చూస్తేనే. మధ్యలో ఇంకో బెట్ వస్తుందనుకుంటే టర్న్ ఒక్కదానికి 9/47 (కనిపించని 47 కార్డుల్లో కావాల్సినవి 9), అంటే 19%. పాట్ 100కి 50 బెట్ వస్తే కాల్‌కి 25% కావాలి. ఆ తేడా పూడాలంటే ఫ్లష్ తగిలాక సగటున ఇంకో 61 రాబట్టాలి. అవతల స్టాక్‌లో అంత లేకపోతే ఫోల్డే. ఉన్నా, మీరు ముందు ఆడాల్సిన స్థానంలో ఉంటే రాబట్టడం కష్టం: మీ ఫ్లష్ గుర్తు (అనుకుందాం స్పేడ్) మూడోది బోర్డు మీద పడగానే అవతలివారు చెక్ చేసి తప్పుకుంటారు.