తల్లి అడిగినా డబ్బాపాలు ఇవ్వకూడదా? ఆసుపత్రి రూలు మీద చర్చ

రాత్రిమెలకువ:
మా పాపకి నాలుగు నెలలు. పుట్టిన రెండో రాత్రి సంగతి ఇంకా మింగుడు పడటం లేదు. సిజేరియన్ కుట్లతో పక్కకి తిరగలేను, పాప గుక్కపట్టి ఏడుస్తోంది. ఒక్కసారికి డబ్బాపాలు పట్టమంటే "డాక్టర్ రాయందే ఇవ్వం, రూలు" అన్నారు. పోనీ రొమ్ము ఎలా పట్టించాలో చూపించండి అంటే "పొద్దున మేడమ్ వస్తారు" అన్నారు. తల్లిపాలు మంచివని నాకూ తెలుసు. కానీ ఇది ప్రోత్సాహమా, పెత్తనమా?

పురిటివార్డు నర్సు:
పదకొండేళ్లుగా ఈ వార్డుల్లోనే ఉన్నాను, నా మాట కాస్త ఒకవైపే మొగ్గుతుంది. రూలు లేని రోజులూ చూశాను. బిడ్డ ఏడవగానే సీసా. కడుపు నిండి మూడు గంటలు నిద్ర. ఆ మూడు గంటలూ రొమ్ము చీకేవాళ్లు లేరు. ఎంత చీకితే అంత పాలు. చీకకపోతే తయారు చేయాలని ఒంటికి ఎలా తెలుస్తుంది? మొదట్లో వచ్చే ముర్రుపాలు చెంచాల లెక్కే ఉంటాయి. పాలు నిండుగా పడేది సాధారణంగా రెండు నుంచి నాలుగు రోజుల్లో, సిజేరియన్ అయితే ఇంకొంచెం ఆలస్యం కావచ్చు. ఈలోగా సీసా అలవాటైతే "నాకు పాలు లేవు" అని తల్లి నమ్మేస్తుంది. అందుకే 1989లో డబ్ల్యూహెచ్‌ఓ, యూనిసెఫ్ పది సూత్రాలు పెట్టాయి: పుట్టిన అరగంటలోపు రొమ్ము పట్టించడం, తల్లీబిడ్డల్ని ఒకే చోట ఉంచడం, వైద్య అవసరం లేకుండా వేరే పాలు పట్టకపోవడం వగైరా.

లెక్కలపిచ్చి:
దీనికి గట్టి ఆధారమే ఉంది. బెలారస్ దేశంలో ఒక పెద్ద అధ్యయనం చేశారు: 31 ప్రసూతి ఆసుపత్రులూ వాటి క్లినిక్‌లూ, 17 వేల తల్లీబిడ్డల జంటలు. ఈ పద్ధతిలో శిక్షణ ఇచ్చిన చోట మూడో నెలలో తల్లిపాలే తాగుతున్నవాళ్లు 43.3 శాతం, మిగతా చోట్ల 6.4. ఫలితాలు 2001లో వచ్చాయి. ఒక్క మెలిక: అక్కడ మార్చింది సిబ్బందికి ఇచ్చిన శిక్షణని, తల్లికి దొరికిన సాయాన్ని. డబ్బాలకి తాళం వేసి చేతులు దులుపుకుంటే ఆ అంకెలు వస్తాయనుకోకండి.

రెండుసార్లు అమ్మ:
అంకెలు సరే. మా పెద్దవాడికి "ఓపిక పట్టండి, పాలు పడతాయి" అంటూనే మూడు రోజులు గడిపారు. బరువు పది శాతం పైగా తగ్గాడు, కామెర్లు వచ్చాయి, ఒంట్లో నీరు తగ్గి రక్తంలో సోడియం పెరిగింది. తడిసిన డైపర్లు ఎన్నో ఎవరూ అడగలేదు. రెండోదానికి వేరే ఆసుపత్రి. అక్కడ రోజూ బరువు చూశారు, రెండు రోజులు రొమ్ము పట్టించాక కప్పుతో కొంచెం పొడిపాలు పట్టారు. ఐదో రోజుకి వాటి అవసరమే లేదు, ఏడాదిన్నర నా పాలే తాగింది. పొడిపాలు చుక్క తగిలితే అంతా పోయినట్టు మాట్లాడకండి నర్సు గారూ.

పురిటివార్డు నర్సు:
మీ పెద్దబాబు విషయంలో తప్పు ఆసుపత్రిదే, వాదించను. వైద్య అవసరం అంటే అదే. పది సూత్రాల్లోనే ఉంది, చదవనిది మావాళ్లు. 2018లో సవరించినప్పుడు బిడ్డ చీకే రబ్బరు పీకల మీద నిషేధం తీసి, వాటివల్ల వచ్చే ఇబ్బందులు తల్లికి చెప్పమన్నారు. కానీ మా వార్డులో రాత్రి ఇరవై నాలుగు మంచాలకి ఇద్దరం. ఒక్క తల్లి పక్కన అరగంట కూర్చుంటే అవతల బెల్లు మోగుతూనే ఉంటుంది. "ఇవ్వం" అనడానికి ఐదు సెకన్లు చాలు.

రాత్రిమెలకువ:
ఆ అరగంటే నాకు కావాల్సింది. మూడో రాత్రి ఒక ఆయా వచ్చి పాపని నా చంక కింద నుంచి పడుకోబెట్టింది, కుట్ల మీద బరువు పడకుండా. నోరు ఆవలింతంత తెరిచేదాకా ఆగి, గడ్డం ముందు ఆనేలా దగ్గరికి లాగింది. నల్లని భాగం చాలావరకు నోట్లోకి వెళ్లాక నొప్పి తగ్గింది. ఆ తర్వాత గుటక వినిపించింది.

ఇంకో సంగతి చెప్పలేదు కదూ. రాత్రి చుక్క ఇవ్వని ఆ ఆసుపత్రే డిశ్చార్జ్ రోజు ఇచ్చిన సంచిలో పాలపొడి శాంపిల్ పెట్టింది.

లెక్కలపిచ్చి:
శాంపిలా! తల్లులకి అవి ఇవ్వొద్దని పాలపొడి అమ్మకాల ప్రచారం మీద పెట్టిన 1981 నాటి అంతర్జాతీయ నియమావళే చెప్తోంది.

రెండుసార్లు అమ్మ:
తాళం మనకే అన్నమాట, కంపెనీకి కాదు.