అప్‌డేట్: మా బూడిదరంగు కార్న్ స్నేక్ గొంతు కింద పసుపు, జబ్బు కాదు

మూడు వారాల కిందట అడిగాను కదా, ఏడాది దాటిన మా ‘చార్‌కోల్’ (బూడిదరంగు రకం) కార్న్ స్నేక్ అనే పెంపుడు పాముకి గొంతు కింద, మెడ పక్కల పసుపు పాకుతోంది, కామెర్లేమోనని. మారతహళ్లి నుంచి ట్రాఫిక్‌లో గంటన్నర పోయి, పాముల్ని చూసే వెటర్నరీ డాక్టరు గారికి చూపించాం. బరువు, నోరు, పొట్ట అన్నీ బాగున్నాయి. మొన్న కుబుసం కూడా చిరగకుండా ఒకే తొడుగులా విడిచింది. పసుపు మాత్రం పోలేదు, ఇంకా తేటగా కనిపిస్తోంది.

డాక్టరు గారి మాట ప్రకారం ఇది చార్‌కోల్ కాదట, అనెరీ అనే ఇంకో బూడిదరంగు రకం అయ్యుంటుందట. రెండింటిలోనూ ఎరుపు ఉండదు, పిల్లలుగా రెండూ బూడిదరంగే. కానీ అనెరీ పెరిగేకొద్దీ తిండిలోని కెరోటినాయిడ్లు చర్మంలో చేరి మెడ దగ్గర పసుపు తేలుతుంది. చార్‌కోల్‌కి సాధారణంగా అది రాదు. రెండూ వేర్వేరు జన్యువులు, రెండూ అంతర్గత లక్షణాలే. రంగు బయటపడాలంటే తల్లి నుంచి ఒక కాపీ, తండ్రి నుంచి ఒక కాపీ రావాలి. అందుకే ఒకదాని జన్యువు ఇంకోదానిలో దాగి లేకపోతే, అనెరీని చార్‌కోల్‌తో జతకడితే పిల్లలన్నీ మామూలు నారింజ, ఎరుపు రంగుల్లోనే పుడతాయి. బూడిద, బూడిద కలిసి నారింజ! ఇది విన్నప్పటి నుంచి నాకు నిద్ర పట్టడం లేదు, అంత బాగుంది.

అమ్మినాయన తల్లిదండ్రుల రంగులు రాసిపెట్టుకోలేదన్నాడు. కొనేవాళ్లు ముందే అవి అడగండి. ధైర్యం చెప్పిన అన్నలకీ, అక్కలకీ చాలా థ్యాంక్స్. మా పాప మాత్రం దాన్ని ఇంకా ‘బొగ్గు’ అనే పిలుస్తోంది.